చేతిపని ఎవరి వారసత్వం?

పల్లెలో సంప్రదాయ చేతిపని నేర్పే బడి నడపడం మంచిపనేనా?

పట్నం నుంచి మా బడి చూడటానికి వచ్చేవారికి ఇది ప్రశ్నలాగే తోచదు. తిరుగుతున్న తరిణిని, పిల్లల చేతుల్లో ఉలిని, బల్లమీద ఆరబెట్టిన బొమ్మలను చూసి సంతోషిస్తారు. మన కళను బతికిస్తున్నారని మెచ్చుకుని, రెండు బొమ్మలు కొనుక్కుని వెళ్తారు. వారి మంచిమనసును మేము శంకించం. అయితే బాబాసాహెబ్ అంబేడ్కర్ చూపిన దారిలో ధమ్మానికి వచ్చినవాళ్ళం మనం. తండ్రి చేసిన పనే కొడుకు చేయాలన్న కట్టుబాటు మన ఇళ్ళలో ఏం చేసిందో మనకు తెలుసు. కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా దాటిపోలేం. చేతిపనికి దక్కాల్సిన గౌరవం, చేతిపని పేరుతో కులం వేసిన సంకెల, ఈ రెండూ ఒకే షెడ్డులో పక్కపక్కనే ఉంటాయి. వాటిని విడదీయడం సాధ్యమేనా, సాధ్యమైతే ఎలా అన్నది ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం.

మేము కొందరం నాలుగేళ్ళుగా ఉంటున్న బడి అనకాపల్లి జిల్లాలో, ఏటికొప్పాక చుట్టుపక్కల ఉన్న ఒక పల్లెలో ఉంది. బడి అంటే పెద్ద భవనమేమీ కాదు. రేకుల షెడ్డు, అయిదు మోటారు తరిణులు, వంటకు ఒక పాక, పడుకోవడానికి రెండు గదులు. పని నేర్పేది ఒక పెద్ద మేస్త్రి. డెబ్భై ఏళ్ళు దాటాయి. వారి ఇంట్లో నాలుగు తరాలుగా ఇదే పని. లెక్కలు చూడటం, సరుకు పంపడం, సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పడం, ఉదయం పంచశీల, ఆనాపాన చేయించడం మా వంతు.

ఏటికొప్పాక లక్కబొమ్మలు తెలుగువారికి కొత్త కాదు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొక్కల నుంచి తీసే సహజ రంగులను ఈ పనిలోకి మళ్ళీ తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది. దాన్ని బాగా ఆరనిచ్చి, తరిణికి బిగించి, ఉలితో గుండ్రం చేస్తారు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటితో రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తే, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రమీద పరుచుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే మెరుపు తేలుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడం మొదలుపెట్టినవాడికి తెలుస్తుంది కష్టం. కడ్డీని ఎక్కువ ఒత్తితే లక్క మాడుతుంది, తక్కువ ఒత్తితే పెచ్చులు లేస్తుంది. ఎంత ఒత్తాలో మేస్త్రి కూడా మాటల్లో చెప్పలేరు. పక్కన కూర్చోమంటారు, చూడమంటారు, వినమంటారు. మొదటి రెండు నెలలు ఉలి సానబెట్టడం, కర్ర గుండ్రం చేయడమే పని. లక్క జోలికి పోనివ్వరు.

శ్వాసమీద ఎరుక ఎలా ఉండాలో సతిపట్ఠాన సుత్తంలో చెబుతూ తథాగతుడు తీసుకున్న ఉపమానం సరిగ్గా ఈ పనిదే. తరిణి పట్టే నేర్పరి గానీ, అతని శిష్యుడు గానీ, పెద్ద చుట్టు తిప్పేటప్పుడు అది పెద్దదని, చిన్న చుట్టు తిప్పేటప్పుడు అది చిన్నదని తెలిసి చేస్తాడు. భిక్షువు తన ఊపిరిని అలా తెలుసుకోవాలి. ధ్యానానికి ఆదర్శంగా చూపడానికి భగవానుడికి దొరికింది ఒక చెక్కపనివాడు. ఆ పనివాడి పక్కన నేర్చుకునేవాడికి పాళీలో వాడిన మాట అంతేవాసి, అంటే దగ్గర ఉండేవాడు. కొడుకు అన్న మాట అక్కడ లేదు. చేతిపని పుట్టుకవల్ల రాదు, దగ్గర ఉండటంవల్ల వస్తుంది అని ఆ ఒక్క మాటలో ఉంది. మా ఆలోచనకు ఆధారం ఇదే.

కానీ మాటలో ఉన్నది ఊళ్ళో ఉండాలని లేదు. రెండేళ్ళ కిందట మా దళితపేట నుంచి ఒక అమ్మాయి, పదో తరగతి పూర్తిచేసినది, పని నేర్చుకుంటానని వచ్చింది. నాలుగోరోజు ఆమె తండ్రి వచ్చాడు. ఆటో నడుపుతాడు. కోపంగా ఏమీ లేడు. నిలబడే మాట్లాడాడు.

"మా తాత చచ్చిన గొడ్డుని మోశాడండి. మా అయ్య అది మానేసి కూలికి పోయాడు. నేను ఏదో పది దాకా చదివాను. నా కూతురు ఇంకా పైకెళ్ళాలని నా ఆశ. మీరేటి, మళ్ళీ ఉలి పట్టుకోమంటారు? ఈ పని అంత గొప్పదైతే, గొప్పదని చెప్పేవాళ్ళ పిల్లలు ఏరీ ఇక్కడ?"

ఈ ప్రశ్న ఒక్క తండ్రిది కాదు. దీని వెనుక చరిత్ర ఉంది. 1936లో అచ్చయిన కుల నిర్మూలన గ్రంథంలో బాబాసాహెబ్ ఈ సంగతినే తేల్చారు. కులం పనిని పంచడంతో ఆగలేదు, పనిచేసే మనుషులను మెట్లుమెట్లుగా విడగొట్టింది అని ఆయన వాదం. ఇష్టాన్ని, నేర్పును బట్టి కాక పుట్టుకను బట్టి పని అంటగడితే, చేసేవాడి మనసు ఆ పనిలో ఉండదని కూడా చూపించారు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలను రోజుకు మూడు గంటలకు తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. అప్పటికి ఆంధ్ర ప్రాంతం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఇది కులవిద్య అని పెరియార్, ఆయన అనుచరులు ఉద్యమం చేశారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే ఆ పథకం రద్దయింది. అంతటితో ఆ ఆలోచన పోయిందా అంటే లేదు. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషేధిస్తూనే, బడి అయిపోయాక, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయపడటానికి మినహాయింపు ఇచ్చారు. 2023లో కేంద్రం తెచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులవారికి శిక్షణ, రుణం ఉన్నాయి. అయితే దరఖాస్తుదారు కుటుంబ వృత్తినే చేస్తూ ఉండాలన్న షరతును తీసేయాలని తమిళనాడు ప్రభుత్వం పట్టుబట్టింది. డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా అదే చోట, అదే ప్రశ్న.

కాబట్టి ఆ తండ్రికి చేతిపని గొప్పతనం గురించి ఉపన్యాసం చెప్పడానికి మేము సిద్ధపడలేదు. గౌరవం గురించి వినవలసిన అవసరం ఆయనకు లేదు. తన కూతురి కాళ్ళకు ఏదైనా చుట్టుకుంటుందా అన్నదే ఆయన భయం. మా నియమాలు చెప్పాం. పదో తరగతి పూర్తికానివారిని తీసుకోం. వచ్చినవారు ఇంటర్మీడియట్‌కో, ఐటీఐకో వెళ్తూనే ఉండాలి. తరిణి పని సాయంత్రాలు, సెలవు రోజులు. అమ్ముడైన ప్రతి బొమ్మకు చేసినవారి పేరున లెక్క ఉంటుంది. వెళ్ళిపోతాను అన్నరోజు ఎవరూ ఎందుకని అడగరు. ఆయన అన్నీ విని, "ఆ ఆఖరి మాట కాగితంమీద రాసివ్వండి" అన్నాడు. రాసిచ్చాం. ఇప్పుడు ఆ కాగితం నకలు షెడ్డు గోడకు అతికించి ఉంది. ఆయన రాయించుకున్న ఆ వాక్యమే మా బడికి పునాది అని మాకు తోస్తుంది.

ఈ కథకు రెండోవైపు కూడా ఉంది. అదే సంవత్సరం పెద్ద మేస్త్రి మనవడు, పదహారేళ్ళవాడు, పాలిటెక్నిక్‌లో చేరతానన్నాడు. ఎలక్ట్రికల్ చదవాలని కోరిక. చేతి నేర్పులో ఆ వయసులో అంతటివాణ్ణి మేము చూడలేదు. ఇంట్లో గొడవ అయింది. నాలుగు తరాల పని ఇక్కడితో ఆగిపోతుందని వాళ్ళ నాన్న బాధ. బంధువులు ఇంకో మాట కూడా అన్నారు. ఇంటి పిల్లాడు బయటికి పోతుంటే, బయటి పిల్లకు ఇంటి విద్య నేర్పడమేమిటని. ఆ మాటలో ఉన్నది ఏమిటో విడమరిచి చెప్పనక్కర లేదు.

ఒక సాయంత్రం మేస్త్రిగారు మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "మీరు బుద్ధుడి మాట చెబుతారు కదా, చెప్పండి. ఆడు వెళ్ళడం తప్పా? ఆ పిల్లకి నేర్పడం తప్పా?" అన్నారు.

మేము ఆయనకు ఇద్దరి సంగతి చెప్పాం. ఒకరు ఉపాలి. శాక్య కుమారుల క్షురకుడు. రాజకుమారులు సంఘంలో చేరవచ్చినప్పుడు, తమ శాక్య గర్వం అణగాలని, తమకంటే ముందు ఉపాలికి ప్రవ్రజ్య ఇవ్వమని వారే భగవానుణ్ణి వేడుకున్నారు. ముందు చేరినవాడు పెద్ద. కాబట్టి నిన్నటి దాకా గడ్డం గీయించుకున్నవారు ఇవాళ అతనికి నమస్కరించవలసి వచ్చింది. ఉపాలి మళ్ళీ కత్తి పట్టలేదు. సంఘం కూడా అతన్ని పట్టమనలేదు. వినయంలో అంతటివాడు లేడనిపించుకుని, రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయాన్ని వల్లించాడు.

రెండోవాడు ఘటికారుడు. మజ్ఝిమ నికాయంలో ఆయన పేరున ఒక సుత్తమే ఉంది. కస్సప బుద్ధుడి కాలంలో కుమ్మరి. బ్రాహ్మణ యువకుడైన జోతిపాలుడు ఆయన స్నేహితుడు. బుద్ధుణ్ణి చూడటానికి రమ్మంటే రానని మొండికేసిన ఆ స్నేహితుణ్ణి, అప్పుడే తలస్నానం చేసిన జుట్టు పట్టుకుని మరీ లాగాడు ఈ కుమ్మరి. తక్కువ పుట్టుకవాడు తన జుట్టు పట్టుకున్నాడంటే ఇది చిన్న విషయం కాదని జోతిపాలుడికి అప్పుడు తెలిసింది. జోతిపాలుడు భిక్షువయ్యాడు. ఘటికారుడు కాలేదు. కళ్ళులేని ముసలి తల్లిదండ్రులు ఉన్నారని ఇంట్లోనే ఉండిపోయాడు. కుండలు చేసి పెట్టేవాడు. కావలసినవారు బియ్యమో పప్పో అక్కడ పెట్టి, నచ్చిన కుండ తీసుకుపోయేవారు. బేరం లేదు. కాశీరాజు ఐదువందల బండ్ల ధాన్యం పంపితే, రాజుగారికి ఎన్నో ఖర్చులుంటాయి, నాకు వద్దని తిప్పి పంపాడు. అలాంటివాణ్ణి బుద్ధుడు రాజు ముందే మెచ్చుకున్నాడు.

ఒకరు పని వదిలారు, ఒకరు పనిలో నిలిచారు. ధమ్మం ఇద్దరినీ గౌరవించింది. వదలడం ఘనత కాదు, నిలవడం ఘనత కాదు. ఎందుకు వదిలాడు, ఎందుకు నిలిచాడు అన్నదే చూడాలి. ఉపాలిని కులం ఆపలేకపోయింది. ఘటికారుణ్ణి ఇంట్లో నిలిపింది కులం కాదు, తల్లిదండ్రులమీద కరుణ. ఇద్దరూ తమకు తాము తేల్చుకున్నారు.

మేస్త్రిగారు అంతా శ్రద్ధగా విన్నారు. కాసేపు ఆగి, "ఆ ఘటికారుడికి పిల్లలున్నారా?" అని అడిగారు. లేరు, ఆయన బ్రహ్మచారి అని చెప్పాం. ఆయన నవ్వి, "అయితే నా చిక్కు ఆయనకి రాలేదన్నమాట" అన్నారు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ దాన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాం. సుత్తాలు మనకు దారి చూపిస్తాయి గానీ, ఒక తాత ఒంటరితనాన్ని మన బదులు మోయవు. కులం చెడ్డదైనంత మాత్రాన, ఆ కులపు గోడల మధ్యే పెరిగిన నేర్పు, దానిమీద మమకారం చెడ్డవి కావు. తన చేతిలో ఉన్నది తనతో పోతుందేమోనన్న భయం ముసలివారికి సహజం. దాన్ని కులాహంకారమని కొట్టిపారేయడం కరుణ కాదు. అలాగని ఆ భయం తీర్చే భారం పదహారేళ్ళ పిల్లవాడి భుజంమీద పెట్టడమూ న్యాయం కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతిపనులు అంతరించిపోతున్నాయని సభల్లో బాధపడేవారు, ఆ పని చేసే ఇళ్ళ పిల్లలు దాన్ని కాపాడాలని కోరుకుంటారు. తమ పిల్లలను మాత్రం ఇంజినీరింగ్‌కు పంపుతారు. కళ దేశానిది, దాని పేదరికం మాత్రం ఆ ఇంటిది! ఒక బొమ్మ సమాజానికి అవసరమైతే దానికి సరైన ధర సమాజమే ఇవ్వాలి. దాన్ని నేర్చుకునే భారం అన్ని ఇళ్ళ పిల్లలమీదా సమానంగా పడాలి. ఈ రెండూ లేకుండా సంప్రదాయం నిలవాలంటే, అది ఎవరో ఒకరి బతుకును తాకట్టు పెట్టి నిలవాలి. మృతపశువులను మోయడం మానండని బాబాసాహెబ్ చెప్పినప్పుడు, దానివల్ల మీకు వచ్చే ఆదాయం పోతుందని కొందరు లెక్కలు చూపించారు. 1956లో దీక్షకు మరునాడు నాగపూర్‌లో చేసిన ఉపన్యాసంలో ఆయన ఆ సంగతి గుర్తుచేసి, అంత లాభమైతే మీరే చేయండి అన్న అర్థంలో వారికి జవాబిచ్చారు. మా ఆటో తండ్రి అడిగింది కూడా అదే.

చివరికి మనవడు పాలిటెక్నిక్‌కు వెళ్ళాడు. తాతే వెళ్ళి ఫీజు కట్టి వచ్చారు. ఆ అమ్మాయి ఉండిపోయింది. బంధువుల మాట మేస్త్రిగారిమీద ఎంత పనిచేసిందో మాకు తెలియదు గానీ, లక్క పదును గురించిన ఒక కిటుకును ఆయన చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయి అడగలేదు. ఏడాదిపాటు పక్క తరిణిమీద కూర్చుని పనిచేసింది. ఒకరోజు మేస్త్రిగారు కడ్డీ ఆనిస్తుండగా, తల ఎత్తకుండానే, "తాతా, మాడుతోంది" అంది. నిజంగానే మాడుతోంది. చప్పుడునుబట్టి పట్టుకుంది. ఆయన మోటారు ఆపి ఆమెవైపు చూసి, "దీనికి చెవి వచ్చింది" అన్నారు. ఆ రోజు నుంచి దాచలేదు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కూడా. అంతేవాసి అంటే ఏమిటో మేము పుస్తకంలో చదివాం. అక్కడ చూశాం.

బడిలో మరో పాఠం తరిణి దగ్గర కాదు, వెనకాల నడుస్తుంది. వంట, గిన్నెలు తోమడం, మరుగుదొడ్లు కడగడం వంతులవారీగా జరుగుతాయి. వంతుల పట్టికలో మా పేర్లు, మేస్త్రిగారి ఇంటి పిల్లల పేర్లు, పేట పిల్లల పేర్లు అన్నీ ఉంటాయి. మొదట్లో కొందరు ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకునేవారు. ఇప్పుడు అందరూ ఒకే కుండలోది తింటున్నారు. బొమ్మలు చెక్కడం గౌరవమైన పని, దొడ్డి కడగడం ఒక కులంవారి పని అని నమ్మే బడి, ఎంత అందమైన బొమ్మలు చేసినా ధమ్మం నేర్పినట్టు కాదు. పని గౌరవాన్ని అందమైన పనిలో పరీక్షించలేం. ఎవరూ చేయడానికి ఇష్టపడని పని దగ్గరే అది తేలుతుంది. వీధులు ఊడ్చే సునీతుణ్ణి సంఘంలోకి పిలిచిన గురువు మన గురువు అని ఆ పట్టిక దగ్గర గుర్తుచేసుకుంటాం.

మనకు ఇదంతా కొత్తగా ఎక్కడి నుంచో తెచ్చుకోవలసినది కాదు. అమరావతి మహాచైత్యానికి దానమిచ్చినవారిలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన రాతిపలకను, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి ఇచ్చాడు. శాసనంలో తన పని చర్మకారం అని, తన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని చెక్కించాడు. తండ్రి బోధకుడు, కొడుకు తోలుపనివాడు. పుట్టుక ఒకటి, పని మరొకటి. ఏ పని పేరు చెబితే తర్వాతి కాలంలో ఊరి బయటికి నెట్టారో, ఆ పని పేరును సిగ్గు లేకుండా, అందరూ మొక్కే చైత్యంమీద రాయించుకున్నాడు. కృష్ణాతీరంలో, మన నేలమీద, ఒకప్పుడు అది సాధ్యమైంది. మా పల్లెకు దగ్గరలోనే శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. కొండను తొలిచి స్తూపాలు చేసిన చేతులు ఎవరివో మనకు పేర్లు తెలియవు. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు, ఉలి గాట్లను వేళ్ళతో తడిమి చూస్తారు. మొక్కడం కంటే ముందు ఆ పని చేస్తారు. మేము వద్దనం.

ఈమధ్య చాలా ఊళ్ళలో విహారాల పక్కన కుట్టుపని, మగ్గం, బుట్టల అల్లిక నేర్పే కేంద్రాలు పెడదామని ఉపాసకులు ఆలోచిస్తున్నారు. మంచిదే. సమ్యక్ ఆజీవం అష్టాంగ మార్గంలో భాగం. చేతికి పని లేనివాడికి ధమ్మం గురించి ఎంత చెప్పినా కడుపు వినదు. అయితే మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోమని మా మనవి. ఆ పని ఏ ఇంట్లో పుట్టనివారికి కూడా పూర్తిగా, దాచకుండా నేర్పుతారా? నేర్చుకున్నవారు రేపు వేరే దారి పట్టినా తలెత్తుకుని వెళ్ళగలరా? నడిపేవారు తమ సొంత బిడ్డను అక్కడ చేర్చడానికి సిద్ధమేనా? ఈ మూడింటికీ అవునన్న జవాబు ఉంటే, ఆ కేంద్రంలో ఉలి పట్టుకోవచ్చు, నాడె పట్టుకోవచ్చు. దేనికైనా కాదన్న జవాబు వస్తే, పేరు ఏది పెట్టినా అది పాత కులవృత్తికి కొత్త బోర్డు.

ఆ అమ్మాయి ఈ ఏడు ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. డిగ్రీలో చేరాలా, తరిణి పనిలోనే ఉండాలా, రెండూ చేయాలా అని ఆలోచిస్తోంది. వాళ్ళ నాన్న అప్పుడప్పుడు ఆటో ఆపి షెడ్డులోకి వచ్చి, గోడమీద కాగితం ఉందో లేదో చూసి వెళ్తాడు. ఆమె ఏం చేయాలో మేము చెప్పం. చెప్పవద్దని మాకు మేము పెట్టుకున్న నియమం అది.